గుసగుసల ఇల్లు

నిన్న ఉదయం మా అమ్మాయి శైలజ ఐర్లండులో మేముండే నేవన్ అనే ఊరి బజారులోని ఒక తూర్పు ఐరోపా దుకాణం నుంచి నల్లటి రై రొట్టె తెచ్చింది. పొట్లం విప్పగానే షాజీరాను పోలిన ఘాటైన వాసన వంటగది అంతా వ్యాపించింది. నా కుడిచెయ్యి దానంతట అదే గొంతు మీది మచ్చను తడిమింది. మా పక్కింట్లో నివసించి, పోయిన చలికాలంలో ఆసుపత్రిలో కన్నుమూసిన వెల్టా గారి వంటగదిలో ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. ఆమె లాత్వియా దేశస్థురాలు. రీగా నగరంలో ఇరవై రెండేళ్ళు ఒపెరా పాడిన గాయని. ఒపెరా అంటే కథనంతా పాటలోనే నడిపే నాటకం. అందులో మైకు ఉండదు. ముందు కూర్చున్న వాద్యబృందం హోరును దాటుకుని, ఆఖరి వరుసలో ఉన్న శ్రోత దాకా ఒంటి గొంతు ప్రయాణం చేయాలి.

నేను లెక్కల ఉపాధ్యాయుడిగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. అందులో చివరి పన్నెండేళ్ళు గుంటూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుణ్ణి. నేను వరండాలో నడిచి వస్తుంటే తొమ్మిది వందల మంది పిల్లలున్న బడిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. ఆ నిశ్శబ్దాన్ని నా జీవిత సాఫల్యంగా భావించాను. నా భార్య పోయిన తరువాత ఐర్లండుకు వచ్చి అమ్మాయి ఇంట్లో చేరినప్పుడు కూడా ఆ పద్ధతిని వెంట తెచ్చుకున్నాను. కనుక, ప్రతిరోజూ పది గంటలకు పక్కింటితో కలిసిన గోడ అవతల నుంచి ఒక స్త్రీ గొంతు స్వరాల మెట్లెక్కుతూ దిగుతూ సాధన మొదలుపెట్టడం నాకు క్రమశిక్షణారాహిత్యంగా తోచింది. మర్యాదగా ఒక లేఖ రాసి, అందులో ఒక సమయసారిణి కూడా గీసి, స్వయంగా తీసుకుని వెళ్ళాను.

తలుపు తీసిన మనిషి నాకంటే పొడగరి. జుట్టంతా తెలుపు, నడుముకు ఏప్రన్. లేఖను ఆసాంతం చదివి, "మీరు హెడ్‌మాస్టరా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"అవును. ఎలా తెలిసింది మీకు?"

"స్కేలు పెట్టి గీతలు గీసిన ఫిర్యాదు అందుకోవడం ఇదే మొదటిసారి. మిగతావాళ్ళు గోడ బాదుతారు." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో ఉంచుకున్నారు. "సాధన మానడం కుదరదు, మాస్టర్. కానీ పదిన్నరకు మీరు టీకి వస్తే ఆపేస్తాను. టీ తాగుతూ పాడలేను కదా!"

ఆ విధంగా పదిన్నర టీ నా దినచర్యలో చేరింది. నాలుగేళ్ళు సాగింది.

మూడో ఏట మా కుటుంబ వైద్యుడు నా మెడ తడిమి చూసి, స్కానింగుకు పంపించాడు. థైరాయిడ్‌లో గడ్డ ఉన్నదనీ, తీసివేయాలనీ తేలింది. డబ్లిన్‌లో శస్త్రవైద్యుడు దాచకుండా చెప్పాడు. గొంతును ఆడించే నరం ఆ గడ్డకు ఆనుకునే ఉన్నది. జాగ్రత్త పడతారు. అయినా మాట మారవచ్చు, అరుదుగా పూర్తిగా పోవచ్చు. చావు గురించి నేను అంతగా ఆలోచించలేదు. గొంతు పోతే ఈ ఇంట్లో నా మాట ఎలా చెల్లుతుంది? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లవారగానే మంచం మీద కూర్చుని పదిహేడో ఎక్కం పైకి చదివేవాణ్ణి. చివరి వరకూ వస్తే, ఆ రోజుకు గొంతు ఉన్నట్టు లెక్క.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు వెల్టా గారు ఐదు తులిప్ పువ్వులు తెచ్చి ఇచ్చారు. ఒకదాని కాడ వంగి ఉంది. నాకు వంకర సహించదు. దాన్ని తీసేసి, మిగిలినవాటిని ఇటు రెండు, అటు రెండుగా గాజుపాత్రలో పొందికగా అమర్చాను. మరునాడు ఆమె వచ్చి వాటిని చూడగానే చేతిలోని కప్పు గాలిలోనే ఆగిపోయింది.

"ఎవరు చేశారిది?"

"నేనే. బాగోలేదా?"

ఆమె వెళ్ళి ఒక పువ్వు లాగి, కాడను రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేశారు. "మా దేశంలో సరిసంఖ్య పువ్వులు శవానికి పెడతారు."

"నేను లెక్కల మాస్టారిని. సరిసంఖ్యలకు భయపడితే సగం లెక్కలు వదులుకోవాలి," అన్నాను, ధైర్యం నటిస్తూ.

"మిగతా సగంతో సరిపెట్టుకోండి," అన్నారు. నవ్వలేదు. మిగిలిన మూడు పువ్వులనూ మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టారు. అంతటి మనిషి భయపడటం చూసి నేనూ వాటిని లెక్కపెట్టాను.

ఆపరేషన్ సవ్యంగా ముగిసింది. నరానికి ఏమీ కాలేదనీ, కొద్దిరోజుల్లో మామూలుగా మాట్లాడవచ్చుననీ వైద్యుడు చెప్పాడు. నేను నమ్మలేదు. లోపల ఏదో సన్నని దారం వేలాడుతున్నదనీ, గట్టిగా పలికితే తెగిపోతుందనీ ఊహించుకున్నాను. అందువల్ల గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాను. గొంతును దాచుకుంటున్నానని నా నమ్మకం. ఆరు వారాలు అలాగే గడిచాయి. మా మనుమరాలు అన్వితకు తొమ్మిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది గాని, జవాబు ఎప్పుడూ ఇక్కడి యాసలో ఇంగ్లీషులోనే. ఒకరోజు ఆ పిల్ల తల్లితో, "మామ్, తాతయ్య సౌండ్స్ లైక్ అస్ నౌ," అన్నది. శైలజ చప్పున, "ఏయ్, చుప్!" అని నావైపు చూసింది. నాకప్పుడు ఆ మాటలో విశేషమేమీ కనిపించలేదు.

గొంతు పరీక్షించే నిపుణురాలు మాత్రం ముఖం చిట్లించింది. స్వరతంత్రులు కలుసుకోవడం మానేశాయనీ, వాడకపోతే బిగుసుకుపోతాయనీ చెప్పింది. మూడు వారాల్లో మళ్ళీ చూస్తానన్నది. అప్పటికీ ఇలాగే ఉంటే మాట తిరిగి రావడం కష్టమట. కారులో వస్తూ శైలజ, "నాన్నగారూ, కొంచెం గట్టిగా ట్రై చెయ్యండి. ఒక్కసారి, ప్లీజ్," అని బతిమాలింది. నోరు తెరిచాను. ఆ దారం గుర్తుకొచ్చి మళ్ళీ మూసేశాను.

మరునాడు పదిన్నరకు వెల్టా గారి ఇంటికి వెళ్ళి గుసగుసగా పలకరించాను. ఆమె కెటిల్ కింద పెట్టేశారు.

"గుసగుస వద్దు, మాస్టర్. మాట్లాడండి, లేదా కాగితం మీద రాయండి. పాడేవాళ్ళం ఎంత జలుబు చేసినా ఆ పని చెయ్యం. గొంతుకు దానంత చెరుపు లేదు."

"భయంగా ఉంది," అన్నాను, గుసగుసగానే. డెబ్బై ఒక్క ఏళ్ళ జీవితంలో ఆ మాట మరొకరి ఎదుట పలకడం అదే ప్రథమం.

ఆమె ఎదురుగా కూర్చున్నారు. "మా ఇంట్లో పదకొండేళ్ళు గుసగుసలే," అని మొదలుపెట్టారు. పసితనంలోనే ఆమె తండ్రిని సోవియట్ సైనికులు సైబీరియాకు పట్టుకుపోయారు. తల్లీకూతుళ్ళు మరి రెండు కుటుంబాలతో కలిసి ఒకే వాటాలో తలదాచుకున్నారు. గోడలు పల్చన. ఎవరు విని ఎవరికి చేరవేస్తారో తెలియదు. "సూప్ చల్లారిపోతున్నదని కూడా మా అమ్మ రహస్యంగానే చెప్పేది. నాకు గట్టిగా మాట్లాడటమే రాలేదు. బడిలో నన్ను ఛాతీ బలం లేని పిల్ల అనుకున్నారు."

పంతొమ్మిదో ఏట ఎవరో బలవంతపెడితే ఒపెరా బృందగానానికి పరీక్ష ఇవ్వడానికి వెళ్ళారట. పాట మొదలుపెడితే గాలి తప్ప ఏమీ రాలేదు. పరీక్షించే ముసలామె లేచి వచ్చి, ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించి, "అమ్మాయీ, ఇక్కడివాళ్ళు టికెట్టు కొనుక్కుని మరీ వింటారు. దొంగచాటుగా వినే కర్మ వాళ్ళకు లేదు. నీ గొంతు వాళ్ళకు ఇచ్చెయ్," అన్నదట. అలా వచ్చిన గొంతు ఆమెను ఎనిమిదేళ్ళు బృందంలోనూ, తరువాత పద్నాలుగేళ్ళు ముఖ్యపాత్రల్లోనూ నిలబెట్టింది.

"భయం పోయిందా?" అని కాగితం మీద రాశాను.

"ఎక్కడ పోతుంది! ప్రతి ప్రదర్శనకు ముందు బకెట్లో వాంతి చేసుకునేదాన్ని. నోరు కడుక్కుని వెళ్ళి పాడేదాన్ని." ఆ తరువాత సోవియట్ పాలన పోయి దేశం మారింది, జీతాలు పడిపోయాయి. ఇక్కడ కూతురు ఉన్నదని వచ్చి పుట్టగొడుగుల షెడ్డులో కోతపనికి కుదిరారు. చీకటి, తేమ, మాట్లాడితే కేకలేసే సూపర్‌వైజరు. "అక్కడా పాడాను," అన్నారు. "రెండుసార్లు ఉద్యోగం ఊడింది."

గోడవైపు చూశారు. "ఈ గోడ కూడా పల్చనే, మాస్టర్. మీరు వాకింగ్‌కు వెళ్ళినప్పుడు మీ ఇంట్లో నవ్వులు వినిపిస్తాయి. పాప గెంతుతూ పాడుతుంది. మీరు తిరిగి రాగానే గుసగుసలు మొదలవుతాయి. మా అమ్మ ఎవరికి భయపడేదో నాకు తెలుసు. వీళ్ళు ఎవరికి భయపడుతున్నారు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. గర్జించాలని నోరు తెరిచాను, గాలి వచ్చింది. కోపం వెలికి రాక, ఆ ప్రశ్న లోపలికే దిగింది. తాతయ్య ఇప్పుడు మనలాగే మాట్లాడుతున్నాడని అన్విత ఆనాడు అన్నది ఇందుకే. భయపడినప్పుడు మనిషి ఎలా మాట్లాడతాడో ఆ పిల్లకు బాగా తెలుసు.

ఆమె నా వెనక్కి వచ్చి వీపు మీద అరచెయ్యి ఆనించారు. "పొద్దున్నే ఏవో అంకెలు చదివేవారుగా. చదవండి."

"పదిహేడొకట్ల..." గాలి. "పదిహేడు రెళ్ళ..." గుడ్డ చిరిగిన చప్పుడు. నుదుటి నుంచి చెమట కారింది. దారం తెగుతుంది, ఇప్పుడే తెగుతుంది అనుకుంటూ, "పదిహేడు మూళ్ళ యాభై ఒకటి!" అని అరిచాను. వినిపించింది. బొంగురుగా, నాకు పరిచయం లేని స్వరంలో. ఆమె అభినందించలేదు. "తరువాతది," అన్నారు.

మూడు వారాలూ ఒక్కరోజు తప్పకుండా చదివించారు. నిపుణురాలు సంతృప్తి చెందింది. పాత గొంతు రాలేదు. వచ్చినది పలకరించడానికి చాలు, బెదిరించడానికి చాలదు.

పోయిన వారం సాయంత్రం అన్విత బొమ్మలు వేసుకుంటుంటే హోంవర్క్ చెయ్యమన్నాను. ఆ పిల్ల తల ఎత్తకుండా ఏదో గొణిగింది. "ఏమన్నావు? గట్టిగా చెప్పు," అన్నాను. అన్న తరువాత గుర్తుకు వచ్చింది. బడిలో బెత్తం తీసే ముందు నేను అనే మాట అదే. శైలజ చేతిలోని గరిటె కదలడం మానింది. "నథింగ్, తాతయ్యా," అన్నది అన్విత, గుసగుసగా.

కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాను. "నాకు నిజంగానే వినాలని ఉందమ్మా," అన్నాను. ఆ నాలుగు మాటలకు పడిన భయం ఆపరేషన్ బల్ల మీద కూడా పడలేదు. ఆ పిల్ల నా ముఖాన్ని చాలాసేపు పరిశీలించింది. తరువాత కింది పెదవి వణుకుతుండగా, గది అంతా వినిపించేలా, "ఐ సెడ్ నో," అన్నది.

శైలజ నన్ను చూస్తున్నది. నలభై ఏళ్ళ మనిషి, ఒక బిడ్డ తల్లి, ఇంకా నా ముఖంలో శిక్ష కోసం వెతుకుతున్నది. నేను "సరేనమ్మా" అన్నాను. అయినా ఆ చూపు వెంటనే తొలగలేదు. దానిని అక్కడ పెట్టినది నేనే. నాకు గొంతు ఇచ్చి వెళ్ళిన వెల్టా గారు ఇప్పుడు ఉంటే ఆమె ఎదుట తల ఎత్తి నిలబడగలనా అన్న ప్రశ్నతో పాటు, రోజూ ఆ చూపునూ మోస్తున్నాను.