రెండు కార్బరేటర్లు, ఒక చెవి

ఎనభైల చివర నా దగ్గర రెండు కార్బరేటర్ల మోటార్‌సైకిల్ ఉండేది. ఒకసారి ఉట్నూర్ పోతుంటే, జన్నారం దాటాక అడవిలో అది కుంటుతూ నడవసాగింది. ఆపి చూస్తుంటే, రోడ్డుకు అవతల, మంచిర్యాల పోయే బస్సు కోసం ఒక్కడే కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు. ఒకప్పుడు నస్పూర్‌లో మెకానిక్‌నని చెప్పాడు.

నా దగ్గరున్న పెట్రోల్ పైపు ముక్క అడిగి తీసుకుని, ఒక కొస కుడి చెవిలో పెట్టుకున్నాడు.

"గీ రెండూ ఒక్కతీరుగ గాలి గుంజాలె బిడ్డా. చెవికి చెవికి ఫరక్ ఉంటది, రెండిటినీ ఒక్క చెవితోనే వినాలె. నాకేమో ఎడమది మొత్తానికే వినరాదు," అని నవ్వాడు. "గియ్యాల్టికి మిగిలింది ఒక్క బస్సే. వస్తే జర చెయ్యెత్తు."

ఇంజన్ నడుస్తుండగా రోడ్డుకు వీపు పెట్టి వంగాడు. పైపు రెండో కొసను ఒక కార్బరేటర్ దగ్గర, తర్వాత ఇంకోదాని దగ్గర పెట్టి వింటూ, స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతున్నాడు. రెండు మోతలూ కలవబోతుండగా బస్సు వచ్చింది. ఆయన వెళ్తే ఆ అడవిలో చెడిన బండితో నేనొక్కణ్నే మిగులుతాను. నా చెయ్యి లేవలేదు. బస్సు ఆగకుండా పోయింది.

పని అయ్యాక పైపు తీసి, "బస్సు రాలే గదా?" అన్నాడు.

"రాలే," అన్నాను.

వెనక్కి తిరిగి మంచిర్యాలలో దింపుతానని నోటిదాకా వచ్చింది. అలా అంటే, ఇక బస్సు రాదని నాకెలా తెలుసని అడుగుతాడు, అబద్ధం బయటపడుతుంది.

"ఇగ నువ్వు పో. నేను కూసుంట," అంటూ ఆయన రోడ్డు దాటాడు.

ఉట్నూర్ దాకా బండి ఎక్కడా కుంటలేదు. తర్వాత దాన్ని నేనే ఎన్నోసార్లు సరిచేసుకున్నాను. పైపు చెవిలో పెట్టుకునే ముందు మాత్రం ప్రతిసారీ ఒకసారి రోడ్డు వైపు చూసేవాణ్ని.