గంగాళంలో నీళ్లు

శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికొచ్చి ఒడిశాలోని గునుపురం బస్టాండు దగ్గర మెస్సు పెట్టిన ఎర్రమ్మకి కేకలెయ్యడం వచ్చినంత బాగా పని చెప్పడం రాదు. రథయాత్ర ముందురోజు సాయంత్రం గంగాళం నిండా అన్నం వండించి, "జాగ్రత్త చెయ్యమ్మీ" అని కొత్తగా చేరిన ఒడియా పిల్ల సుభశ్రీకి అప్పగించి వెళ్లిపోయింది. పొద్దున్నే పులిహోర కలిపి యాత్ర జనానికి అమ్మాలని ఒకటే ఉబలాటం.

తెల్లారి మూత తీస్తే అన్నం నీళ్లలో మునిగుంది!

"ఏటమ్మీ ఇది? నా కొంప ముంచేసినావు!"

"మా ఇంట్లో అన్నం జాగ్రత్త చెయ్యడమంటే నీళ్లు పోసి పఖాళ, అదే మీ చద్దన్నం, చెయ్యడమే కదమ్మా," అంది సుభశ్రీ బిక్కమొహంతో.

నోటిదాకా వచ్చిన తిట్టు ఆగిపోయింది. పులిహోర మాట తనెత్తితేగా! బయట ఒకటే ఉక్కపోత, ఇసకేస్తే రాలనంత జనం. ఎర్రమ్మ కళ్లు మెరిశాయి.

"పెరుగు తే! మిరపకాయలు వేయించు!"

మధ్యాహ్నానికి గంగాళం ఖాళీ.

"రేపూ ఇలాగే..." అనబోయి ఎర్రమ్మ నాలిక్కరుచుకుంది. "అమ్మీ, రేపు రెండు గిన్నెలు. పెద్దదాన్లో నీళ్లు పొయ్యి. సిన్నదాన్లో సుక్క పడకూడదు, అది పులిహోరకి. ఏదీ, నువ్వోసారి సెప్పు."

సుభశ్రీ పొల్లుపోకుండా అప్పజెప్పి, పకాలున నవ్వింది.

"ఇంత నెమ్మదిగా కూడా మాటాడతావేటమ్మా!"