ఆకు మూల ఊరగాయ

ఈ పొద్దున కొత్త ఊరగాయ జాడీకి కట్టిన వాసెన విప్పాను. నిమ్మకాయ ఊరగాయ. మా అమ్మ నిన్న చెక్కి ఇచ్చిన చెంచాను అందులోకి దించితే, పచ్చి కొయ్య వాసన, మెంతిపిండి వాసన, నిమ్మ పులుపు కలిసి ఒక్కసారిగా పైకొచ్చాయి. ఉదయగిరిలో చెంచాలు చెక్కే ఇంట్లో పుట్టినదాన్ని, చెక్క వాసన నాకు కొత్త కాదు. మా ఇంట్లో అన్నం ముద్దలో కూడా చెక్క పొట్టు తగిలేది. ఊరగాయ వాసనా కొత్త కాదు. ఆ రెండూ కలిస్తే మాత్రం నాకు ఆత్మకూరు బస్టాండు దగ్గరి ఒక సందు గుర్తొస్తుంది. ఆ సందులో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా నిలబడిన కరుణమ్మ గుర్తొస్తుంది. ఆమె నాకు వంట నేర్పలేదు, అది మా అమ్మ దగ్గరే వచ్చింది. జనం తిని వెళ్లిపోయాక మిగిలేదాని సంగతి నేర్పింది.

కరుణమ్మ ఆ సందులో భోజనాల మెస్సు నడిపేది. అంతకుముందు చాలా ఏళ్లు ఒక మిషన్ హాస్టల్లో వంటమనిషి. హాస్టల్ మూతపడ్డాక, అంతమంది పిల్లలకు వండిన చెయ్యి ఊరికే ఉండలేక, ఒక గది అద్దెకు తీసుకుని పొయ్యి వెలిగించింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం బస్టాండు మైకుతో పోటీ పడేది. ఆదివారం ప్రార్థన ముగిసేదాకా మెస్సు తలుపు తెరిచేది కాదు. గిరాకీ పోతుందని ఎవరైనా అంటే, "పోనీలే, సోమారం వాళ్లకు ఆకలి కాకుండా ఉంటదా" అనేది. ఇంటర్ అయ్యాక చదువు నా మీద అలిగితే నేనూ దాన్ని బతిమాలలేదు. ఆత్మకూరులో మేనత్త ఇంట్లో ఉంటూ, పని అడగడానికి ఆమె దగ్గరికి వెళ్లాను. గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడుతుందని నా ఆశ. ఆమె నన్ను బల్లల మధ్య నుంచి, పొయ్యిల పక్క నుంచి నేరుగా పెరట్లోకి నడిపించింది.

"ముందర గది ఎవురైనా చూపిస్తారు హసీనా. మన మెస్సు ఈడుండాది. బాగా చూసుకో, ఉండగలిగితే ఉండు" అంది.

పెరట్లో దండెం మీద బట్టలకు బదులు కడిగిన పాల కవర్లు వరసగా ఆరుతున్నాయి. ఒక మూల బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు పోసిన కుడితి తొట్టి ఉంది. పక్క వీధి వాళ్లు రోజూ వచ్చి తమ బర్రెలకు పట్టుకుపోయేవాళ్లు. అట్టపెట్టెలు, నూనె డబ్బాలు, సీసాలు పాత సామాన్ల బండి కోసం వేరువేరుగా పేర్చి ఉన్నాయి. పార్సిల్ కావాలంటే గిన్నె తెచ్చుకోమని గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. పాల కవర్లకు క్లిప్పులు పెట్టి ఆరేసే హోటలు ఎక్కడైనా ఉంటుందా అని నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమె చూసింది. మర్నాటి నుంచి కవర్లు కడిగే పని నాకే వచ్చింది.

ఇంత చేసినా తిన్న ఆకులు మిగిలేవి. మెతుకులతో, కూరలతో కలిసిన ఎంగిలాకులు. సందు చివర ఒక ఖాళీ స్థలం ఉండేది. ఆ వరసలో దుకాణాలన్నీ తమ చెత్త అక్కడే పోసేవి, మేమూ అక్కడే పోసేవాళ్లం. ఎండలు ముదిరితే అటుగా నడవడం కష్టం. దసరా వెళ్లిన కొత్తలో ఒకరోజు గది యజమాని వచ్చి, "అమ్మా, చుట్టుపక్కలోళ్లు నా మీద పడతా ఉండారు. ఉగాదికి ఈ కంపు పోవాల. లేకుంటే గది ఖాళీ చెయ్యాల" అని చెప్పి పోయాడు. ఆ గది పోతే కరుణమ్మకు ఇంకోటి దొరికేది కాదు, మెస్సులో పని చేసే మా ఆడవాళ్లందరి ఇళ్లలో పొయ్యి ఆ గది మీదే ఆధారపడి ఉంది. అందరూ పోస్తుంటే మనల్నే అంటారేమని నేను రుసరుసలాడాను.

"ఎక్కువ ఆకులు మనవే గదా" అంది కరుణమ్మ. "వాటి మీద పేరు రాసి లేకపోయినా, మెతుకు ఎవురిదో కుక్కకు గూడా తెలుసు."

ఆమె పెరట్లో గుంత తవ్వించింది. హాస్టల్లో ఒక వరస ఎంగిలాకులు, ఒక వరస ఎండాకులు వేసి కప్పేవాళ్లట. వాసన లేకుండా అదంతా కుళ్లి ఎరువయ్యేదట. ఆత్మకూరు బజారులో అన్ని ఎండాకులు ఎక్కడ దొరుకుతాయి? మా ఇంటి దగ్గర చెక్క పొట్టు గుట్టలుగా పడి ఉంటుందని మాటవరసకు అన్నాను. ఆ వారం నుంచే పొట్టు మూటలు ఉదయగిరిలో బస్సెక్కాయి. "ఊడ్చి పారబోసేదానికి కూడా ఆత్మకూరులో గిరాకీ ఉండాదా?" అని మా అమ్మ చాలా రోజులు నమ్మలేదు. ఆకుల మీద పొట్టు పడేసరికి వాసన తగ్గింది, ఈగలు తగ్గాయి. కొన్నాళ్లకు గుంతలోంచి నల్లటి ఎరువు తీశాము.

తీశాము గానీ, దాన్ని పట్టుకుపోయేవాళ్లు లేకపోతే గుంత నిండిపోతుంది, మళ్లీ కథ మొదటికొస్తుంది. అప్పుడు దొరికినవాడు పెంచలరెడ్డి. కలువాయి వైపు రైతు, ఆఫీసు పనుల మీద ఆత్మకూరు వస్తే మా దగ్గరే తినేవాడు. కొత్తగా నిమ్మతోట వేశాడు. ఎంగిలాకుల ఎరువు అనగానే ముఖం చిట్లించాడు.

"నిమ్మ చంటిబిడ్డ లాంటిది అక్కా. తేడా వస్తే ఎట్టా?"

"తేడా వస్తే నా కాడికి రా అన్నా. నేనేడికీ పోను" అంది కరుణమ్మ. ఆ మాట మీద ట్రాక్టరు పంపించాడు.

ఉగాది ఇంకా కొన్ని వారాలుందనగా, మధ్యాహ్నం జనం నిండుగా ఉన్న వేళ ఆయన వచ్చాడు. చేతిలో వేళ్లతో సహా పెరికిన నిమ్మ మొక్క ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు. ఆకుల అంచులన్నీ అగ్గిపుల్లతో కాల్చినట్టు మాడి ఉన్నాయి. అరవలేదు, తిట్టలేదు.

"రమ్మన్నావు గదా అక్కా. వచ్చినాను" అన్నాడు.

తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఎండ ఎక్కువైందనో, మీ బోరు నీళ్లు మంచివి కావనో కరుణమ్మ అంటుందని నేను ఎదురుచూశాను. నేనైతే కచ్చితంగా అనేదాన్ని. ఆమె పెరట్లోకి వెళ్లి గుంతలోంచి గుప్పెడు ఎరువు తెచ్చింది. చెంబు నీళ్లలో కలిపి, తేరుకోనిచ్చి, గుడ్డతో వడగట్టింది. ఆ నీళ్లలో వేలు ముంచి నాలుక కొసకు తాకించుకుంది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆమె మాత్రం పులుసు రుచి చూసినంత మామూలుగా నిలబడి, ఊసి, నోరు పుక్కిలించింది.

"ఉప్పు" అంది. "నా చేతి ఉప్పే అన్నా."

అప్పుడే ఎవరో తిని లేచిన ఆకు తీసుకుని మాకు చూపించింది. మా వైపు ఆకు వేశాక అన్నం కంటే ముందు ఉప్పు, ఊరగాయ మూలన పడాలి. తినేవాడు అడగక్కర్లేదు, తినకపోయినా పట్టింపు లేదు, ఆకు మాత్రం బోసిగా ఉండకూడదు. కరుణమ్మకు ఆ వడ్డన మీద గర్వం కూడా ఉండేది. ఊరగాయ కాస్త పొదుపుగా వేస్తే మా చేతుల మీద కసిరేది. ఆ ఆకు మూల ఊరగాయ సగానికి పైగా అలాగే ఉంది, పక్కన ఉప్పు కుప్పా అలాగే ఉంది. రోజూ అన్ని ఆకుల మీది ఉప్పూ గుంతలోకి పోయి, అక్కణ్ణుంచి నిమ్మ మొక్కల మొదళ్లలోకి చేరింది.

"నేను పెట్టేదే చూసుకొని మురిసిపోయినాను. వాళ్లు తినేది చూడలా" అంది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, ఆకుతో అన్నట్టుంది.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా కలువాయి బస్సెక్కింది, నన్నూ వెంట తీసుకెళ్లింది. ఒక్కో మొక్క మొదట్లోంచి ఎరువును చేతులతో లాగేశాము. కరెంటు వచ్చినప్పుడు పెంచలరెడ్డి బోరు మోటారు వేశాడు, ఉప్పు కిందికి దిగిపోయేలా పాదులు నిండా తడిపాము. ఆమె తెల్లచీర మోకాళ్లదాకా బురదైంది.

"మీరు ఆదివారం పని చెయ్యరంటారే" అన్నాడు పెంచలరెడ్డి, కాస్త మెత్తబడి.

"ఇది పని కాదులే అన్నా, ఒప్పుకోలు" అంది.

కొన్ని మొక్కలు దక్కలేదు. మిగిలినవాటికి చిగురు పడిందని ఆయన ఫోన్ చేసిన రోజు, ఆమె పొయ్యి వైపు తిరిగి, మరిగిపోయిన సాంబారునే చాలాసేపు కలుపుతూ నిలబడింది. ఎరువు మళ్లీ తీసుకుంటానని ఆయన అన్నాడు, ఉప్పు లేకుండా ఇస్తేనే.

మర్నాడు మెస్సులో ఆకులు బోసిగా పడ్డాయి. ప్రతి బల్ల మీదా ఒక ఊరగాయ జాడీ, ఒక ఉప్పు గిన్నె, వాటిలో మా అమ్మ చెక్కిన చిన్న చెంచాలు. రిటైరైన కండక్టరు మస్తానయ్య మాకు రోజూ వచ్చే మనిషి. ఆకు వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏంది కరుణమ్మా, ఊరగాయ లేని ఆకు ఎట్టా ముట్టుకునేది? అడుక్కొని తినాల్నా?"

"అడుక్కోబాకన్నా. జాడీ నీ ముందరే ఉండాది. ఎంత తింటావో అంత ఏసుకో. ఏసుకున్నది ఇడిసిపెట్టబాక."

"ఇడిసిపెడితే?"

"చెయ్యి కడిగేకాడ డబ్బా ఉండాది. నువ్వే తీసి దాంట్లో ఎయ్యి."

మస్తానయ్య లేచి ఎదురు హోటలుకు వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇంకొందరు వెళ్లారు. మధ్యాహ్నాలు ఖాళీ కుర్చీలు చూస్తూ కూర్చోవడం మాకు అలవాటైంది. వాసన పోయినా గిరాకీ పోతే ఇక గది ఎందుకని నాకు భయం వేసింది. ఉగాది దాటేదాకా పాత పద్ధతే పెడదామమ్మా అన్నాను. "ఆ మాట పోయి ఆ మొక్కలకు చెప్పిరా" అంది. ఆమెకూ భయం ఉందని చెయ్యి చూస్తే తెలిసేది; ఖాళీ బల్లనే మళ్లీ మళ్లీ తుడిచేది. కొన్నాళ్లకు మస్తానయ్య వచ్చి కూర్చుని, "ఆడ సాంబారు నీళ్లు" అని ఒక్క ముక్క చెప్పి, జాడీలోంచి మామూలు కంటే రెట్టింపు ఊరగాయ వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా మొత్తం తిన్నాడు. కరుణమ్మ మజ్జిగ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

ఉగాదికి ముందు యజమాని చెప్పకుండా వచ్చాడు. నేరుగా పెరట్లోకి పోయి, గట్టిగా గాలి పీల్చి, గుంతలో పొట్టును పుల్లతో కదిపి చూశాడు. గది ఊసు ఎత్తలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి "ఆకెయ్యమ్మా" అన్నాడు. మా వైపు అంతకంటే మంచి మాట ఉండదు. తర్వాత ఆ వరసలో టీ అంగడివాళ్లు, పండ్ల అంగడివాళ్లు కూడా పొట్టు మూటలు అడగడం మొదలుపెట్టారు.

కొన్నేళ్లకు నేను ఉదయగిరిలో సొంత మెస్సు పెట్టుకుంటే ఆమె కర్ర పట్టుకుని వచ్చింది. బల్లలూ గోడలూ చూడలేదు, పెరట్లోకే పోయింది. గుంత చూసి, కుడితి తొట్టిలో తొంగి చూసి, "టీ పొడి గుంతలో ఎయ్యకుండా ఎందుకు పారేస్తా ఉండావు?" అని ఒక్క వంక పెట్టింది. అప్పటికే బీపీ, డాక్టరు ఊరగాయ మానమన్నాడు. ఆకు ముందు కూర్చున్నాక, ఊరగాయ చెంచా తీసి వాసన మాత్రం చూసి జాడీలో పెట్టేసింది. అదే ఆమె నా దగ్గర తిన్న చివరి భోజనం.

పోయినేడు ఆమె జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక భోజనాలు. వండినవాళ్లు కొత్తవాళ్లు, వాళ్లకేం తెలుసు. అందరి ఆకుల మూలా ముందుగా ఉప్పు, ఊరగాయ వేశారు. ఇవతల అందరూ ఆమె గురించి మంచిగా చెప్పుకుంటుంటే, అలవాటు కొద్దీ నేను షామియానా వెనక్కి వెళ్లాను. ఎంగిలాకుల కుప్ప దగ్గర పెంచలరెడ్డి గొంతుక్కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కో ఆకూ విప్పి, మూలనున్న ఊరగాయను పక్క బకెట్లోకి గీకేస్తున్నాడు.

"ఏంది పెదనాయనా, మీరు ఈ పని..." అన్నాను.

"ట్రాక్టరు తెచ్చినానమ్మా. ఈ ఆకులు తోటకే పోవాల" అన్నాడు, తలెత్తకుండా. "ఆమె ఉంటే ఉప్పుతో పంపేది కాదు గదా."

ఆ రోజు అప్పటిదాకా నాకు ఏడుపు రాలేదు. అక్కడ వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఏడుస్తూనే ఆకులు విప్పాను. కుప్ప అయిపోయేదాకా ఇద్దరం లేవలేదు.

ఈ పొద్దున వాసెన విప్పిన జాడీలో ఉన్నవి ఆ తోట కాయలే. కాసేపట్లో భోజనాల వేళ అవుతుంది. ఎవరో కొత్త మనిషి బోసి ఆకు చూసి ఊరగాయ లేదా అని అడుగుతాడు. జాడీ ఆయన వైపు జరిపి, ఎంత తింటావో అంత ఏసుకో అన్నా, అంటాను. నా వంట బాగుందంటే నేనూ మురిసిపోతాను, ఆ బలహీనత నాకూ ఉంది. అయితే ఆయన తిని లేచాక, ముఖం కంటే ముందు ఆకు మూల చూస్తాను.