వరదన్ వెళ్ళని మాస్కో

నలభై ఏళ్ళకు పైగా ఒక బరువు మోస్తున్నాను. మీకు చెబుతాను. మధ్యలో లేచిపోకండి.

మాస్కోలోని ఆ పెద్ద విశ్వవిద్యాలయంలో నాకు సీటు వచ్చిందనీ, స్నేహితుడి కోసం వదులుకున్నాననీ తిరుపతిలో చాలామందికి చెప్పాను. అక్కడి గణిత ప్రొఫెసరు నాకు స్వయంగా ఉత్తరం రాశాడని కూడా. ఉత్తరం వచ్చిన మాట నిజం. వరదన్‌కి వచ్చింది. నేను కవరు పట్టుకుని చూశాను, అంతే.

డెబ్బైల చివర ఎమ్మెస్సీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆ విశ్వవిద్యాలయంలో చదివి పేరు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలు, పాఠాలు చెప్పిన మహామహుల ఫొటోలు సోవియట్ పత్రికల్లో వస్తే, వరదన్ కత్తిరించి నోటుబుక్కులో అంటించేవాడు. చివరి పేజీలో కొంత చోటు వదిలాడు. ఎవరికని అడిగితే నవ్వాడు. ఆ నవ్వు నాకు పడలేదు.

నాది బంగారుపాళ్యం రైతు కుటుంబం. వాళ్ళది అర్చక కుటుంబం. సముద్రం దాటి వచ్చినవాడు మూలవిరాట్టును తాకకూడదని వాళ్ళ ఆచారం. వరదన్ ఒక్కడే కొడుకు. అందుకే ఢిల్లీలో పరిశోధన అని ఇంట్లో అబద్ధం చెప్పాడు. అసలు సంగతి నాకూ, క్లాసులో ఇద్దరు ముగ్గురికీ మాత్రమే తెలుసు.

ఒక ఉదయం గుడికి వెళ్ళి, తీర్థం ఇస్తున్న వాళ్ళ నాయనను ఏమీ ఎరగనట్టు అడిగాను.

"సామీ, మనోడు మాస్కోకి ఎప్పుడు పోతాండాడు?"

ఉద్ధరిణి ఆగింది. "యాడికి?" అన్నారాయన.

"ఢిల్లీ నుంచి విమానమంట కదా. మీకు సెప్పలేదా?"

ఆ సాయంత్రమే వరదన్ చేత గర్భగుడి గడప ముట్టించి ప్రమాణం చేయించారు. ఎవరి ద్వారా తెలిసిందో మాత్రం ఆయన కొడుక్కి చెప్పలేదు. అతను వెళ్ళలేదు. అర్చకుడయ్యాడు.

నోరు జారిందని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నోరు జారినవాడు దారి పొడుగునా ఆ మాటే ఎందుకు వల్లెవేసుకుంటాడు? అతను వెళ్తున్నందుకా నా ఏడుపు? కాదేమో. వెళ్ళి, అంత పేరు తెచ్చుకుని వచ్చాక కూడా, ఏమీ మారనట్టు నా భుజం మీద చెయ్యి వేసి పలకరిస్తాడు చూడండి, అది తట్టుకోలేకపోయేవాణ్ణి.

తరవాత ఒకే ఒక్కసారి అడిగాడు.

"మా నాయనకు ఎవురు చెప్పింటారప్పా?"

ఊళ్ళో జనానికి వేరే పనేముందని దాటేశాను. నమ్మాడు. ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఎదురుపడి చెప్పే ధైర్యం ఇవాళా లేదు. అతనికివ్వాల్సిన జవాబు ఇక్కడ పెడుతున్నాను.

నేనే సెప్పినానప్పా.

దీనికి క్షమాపణ ఉండదని తెలుసు. రాశాక మాత్రం ఛాతీలో కాస్త చోటు దొరికింది.