రావద్దన్న ఫోను

మనుషుల్ని నమ్మడం నాకు మొదటినుంచీ చేతకాదు. అరకు సంతలో మా కాఫీ గింజలు తూకం వేసేవాడి చేతినే చూస్తాను, ముఖం చూడను. "నీకు కాపీ కన్నా అనుమానమే బాగా కాస్తాదే" అని మా ఆయన వెక్కిరిస్తాడు. అందుకే మా అమ్మాయికి రక్తంలో క్యాన్సర్ అని విశాఖ ఆసుపత్రిలో చెప్పినప్పుడు నేను ముందు ఏడవలేదు, డాక్టరును అనుమానించాను. పదేళ్ల పిల్ల. జ్వరం తగ్గక, ఒంటి మీద మచ్చలు లేచి, నాలుగడుగులు వేయలేకపోతుంటే కొండ దింపి తీసుకొచ్చాం. ఒంట్లో రక్తం లేదంటారు, మళ్లీ వాళ్లే గొట్టాలకు గొట్టాలు లాగుతారు. ఈ లాగిందంతా ఎక్కడికి పోతోందని నర్సమ్మను అడిగేశాను కూడా. ఆవిడ నవ్వి, నన్ను ల్యాబు దాకా తీసుకెళ్లి చూపించింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. మాలాంటి వాళ్లకు చూపించడానికే ఒక గది పెట్టుకున్నారేమో అనుకున్నాను.

వైద్యం రెండేళ్ల పైమాటే అన్నారు. పిల్ల జుట్టంతా ఊడిపోయింది. వెన్నులో సూది వేసిన రోజు వాంతులతో సోలిపోయేది. ప్రతిసారీ ఏవో కాగితాల మీద సంతకం పెట్టమనేవారు. నేను పదో తరగతి దాకా చదివాను గానీ ఆ ఇంగ్లీషు నాకు కొరుకుడు పడదు. ఒక్కో ముక్కా ఎవరిచేతనైనా చెప్పించుకునేదాకా పెన్ను ముట్టేదాన్ని కాదు. రాజవొమ్మంగి నుంచి వచ్చిన పక్క మంచం పాప తల్లి, నేను సంతకం పెట్టేలోపు సీసాలో మందు ఎండిపోతుందని నవ్వేది.

అంత బాధలోనూ మా అమ్మాయి మాత్రలన్నీ కిమ్మనకుండా మింగిందంటే అది బడి కోసమే. తను చదివే ఆశ్రమ పాఠశాలలో క్లాసు టీచరమ్మ, విజయనగరం వైపు నుంచి వచ్చి ఏళ్ల తరబడి మా కొండల్లోనే పనిచేస్తున్న మనిషి, రోజూ పాఠాలు ఫోటో తీసి నా ఫోనుకు పంపేది. ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతుంటే పిల్ల కుడి చేత్తో రాసేది. అది ఫోటో తీసి పంపితే సాయంత్రానికి టీచరమ్మ దిద్ది తిరిగి పంపేది. తన స్నేహితురాలితో కలిసి ఆరో తరగతిలో ఒకే బల్ల మీద కూర్చోవాలన్నది పిల్ల ఆశ. నాకు మాత్రం ఈవిడకెందుకింత పట్టింది, ఏం లాభం చూసుకుంటోంది అని లోపల ఒకటే పురుగు తొలిచేది.

గట్టి మందులయ్యాక, పగటిపూట మాస్కు పెట్టి బడికి పంపవచ్చన్నారు డాక్టరుగారు. జ్వరం, దద్దుర్లు ఉన్న పిల్లల దగ్గరికి మాత్రం పోనివ్వొద్దు, ఈ పిల్లకవి ప్రాణం మీదికొస్తాయి, పొరపాటున తగిలితే అదే రోజు బయల్దేరి రమ్మని రెండుసార్లు చెప్పారు. బడికి వెళ్లిన మొదటి రోజే గుండు చూసి కొందరు తల్లిదండ్రులు ఇది అంటుకునే జబ్బని గొణిగారు. హెడ్మాస్టరు ఆసుపత్రి నుంచి కాగితం తెమ్మన్నాడు. తెచ్చి ముఖాన కొట్టాను. అప్పటినుంచీ, వీళ్లు నా పిల్లను ఎప్పుడు వదిలించుకుందామా అని చూస్తున్నారన్నది నా మనసులో నాటుకుపోయింది.

ఆరో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక ఆదివారం టీచరమ్మ ఫోన్ చేసి, రేపటినుంచి పదిహేను రోజులు పాపని తీసుకురావద్దంది. ఎందుకని అడిగాను.

"ఫోన్లో చెప్పేది కాదమ్మా. నా మాట వినండి" అని పెట్టేసింది.

నా ఒళ్లు మండిపోయింది. పరీక్షలు తప్పించి, రావట్లేదని పేరు కొట్టేయడానికే ఈ ఎత్తని తేల్చేసుకున్నాను. మా ఆయన రెండు రోజులు ఆగి చూద్దామన్నాడు. నేను వినలేదు. పిల్లకు ఆ ఫోను సంగతే చెప్పకుండా మర్నాడు ఆటో ఎక్కించాను.

బడిలోకి అడుగుపెట్టగానే సరాసరి టీచర్ల గదికి పోయి ఆవిడ మీద విరుచుకుపడ్డాను. పేరు తీస్తే ఎంతదాకానైనా పోతానన్నాను. ఆవిడ నా మాటే వినిపించుకోలేదు. నా వెనక్కి చూసి, "పాపేదీ?" అంటూ పరుగెత్తింది. స్నేహితురాల్ని వెతుక్కుంటూ నా పిల్ల హాస్టలు గదిలోకి పోయింది. గుమ్మానికి వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. లోపల ఐదుగురు పిల్లలు చాపల మీద పడుకుని ఉన్నారు. నా కూతురు మాస్కు కిందికి లాక్కుని, ముఖమంతా పొక్కులున్న స్నేహితురాలి చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతోంది.

ఆటలమ్మ. మా దగ్గర ఆ తల్లి ఇంటికొస్తే పేరు పైకి అనరు. వేపకొమ్మ కట్టి, తలంటు పోసేదాకా బయటివాళ్ల దగ్గర ఆ ఊసెత్తరు. ఇప్పుడు రాస్తుంటే కూడా నా చెయ్యి వెనకాడుతోంది. మా కొండ మనిషెవరైనా ఫోన్లో అలా మాట మింగేసి ఉంటే నాకు చిటికెలో తెలిసిపోయేది. ఆయాలతో, వంటమ్మలతో అన్నేళ్లు ఉండి ఆవిడకూ మా పట్టింపే అబ్బిందని నాకు తట్టలేదు. కింద ఊరి మనిషి కనక దాపరికం అనుకున్నాను. చెప్పేయాల్సింది, తప్పు తనదేనని ఆవిడ ఏడుస్తూ మమ్మల్ని తన స్కూటీ మీద బస్టాండుకు చేర్చింది.

దారిలో, మా ఆయన చేత సంగతి విని మా అత్త ఫోను. "అమ్మోరి సూపు పడ్డ గుంటకి సూదేయిస్తే ఊరుకోదు. యెనక్కొచ్చీండి" అంది. నాకూ ఆ భయం లేకపోలేదు. అయినా బస్సు దిగలేదు. డాక్టరుగారి ముందు లెంపలేసుకుని, ఆ పేరు పైకి అన్నాను. వెంటనే సూది వేశారు. అయినా రెండు వారాలకు పొక్కులు లేచాయి. క్యాన్సరు మాత్రలు ఆపేసి వేరే గదిలో పెట్టారు. నాలుగు రోజులు పిల్ల కళ్లు తెరవలేదు. ఇన్నాళ్లూ సూదులు పొడిపించుకుని నిలబెట్టుకున్న ప్రాణాన్ని నా చేత్తో నేనే తోసేశానని గోడకు తల కొట్టుకున్నాను.

బతికింది. లేచి కూర్చున్నాక స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడి, నా వైపు తిరిగింది.

"మేడమ్ రావొద్దన్నాదంట. నీకు తెలుసా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "తెలుసు" అన్నాను.

"ఎందుకు తీసుకెల్లేవు మరి?"

"బళ్లోంచి నీ పేరు తీసేత్తారనుకున్నాను."

"నాకు సెప్తే ఆగిపోదును కదమ్మా" అంది. అంతకుమించి నన్నేమీ అనలేదు.

ఏడో తరగతి సగంలో ఉండగా వైద్యం పూర్తయింది. ఆ రోజు డాక్టరుగారు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి, రక్తంలో జబ్బు ఆనవాలు లేదు, ఇక మందులు అక్కర్లేదన్నారు. ఆయన ముఖంలోకి చూస్తే నాకు ఏ అనుమానమూ రాలేదు. బయటికి పరుగున వచ్చి బెంచీ మీద కూర్చున్న పిల్లను పట్టుకుని, జబ్బు పోయిందమ్మా, డాక్టరుగారు చెప్పారు అన్నాను. నవ్వుతుందనుకున్నాను. అది నా కళ్లలోకి కాసేపు నిదానంగా చూసింది. తర్వాత నా చేతులు మెల్లగా విడిపించుకుని లేచింది.

"ఉండు, నేనోసారి ఆయన్ని అడిగొస్తాను" అని లోపలికి వెళ్లింది.