పిట్ట ముట్టని విస్తరి

పొద్దున్నే సికింద్రాబాదులో రైలెక్కాను. నాందేడ్‌లో రెండు పనులు: ఆ మధ్యాహ్నం కాలేజీ సదస్సులో ప్రసంగం, మర్నాడు మామయ్య దశదినం. నిజామాబాదు దాటేదాకా నా కాగితాలు దిద్దుకున్నాను. స్వాతంత్ర్యం తర్వాతి కుటుంబ నవలల్లో తిండి దేనికి గుర్తు అన్నది విషయం. దేశం చేతులు మారినట్టే ఆ ఇళ్లలో గరిటె చేతులు మారుతుందనీ, గరిటె ఎవరిదైతే ఇల్లు వారిదనీ నా వాదం. ధర్మాబాద్‌లో ఎక్కిన పెద్దాయన నా ఒళ్లోని కాగితాల్లోకి తొంగిచూసి, "అంతా మంచిగనే రాసినవు గని సార్, ఏం కూరనో రాయకపోతివి" అన్నాడు.

నిజమే, రాయలేదు.

సదస్సులో నన్ను భోజనానికి ముందు మాట్లాడించారు. తిండి మీద శ్రోతలకు అంత ధ్యాస నేనెన్నడూ చూడలేదు.

మర్నాడు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవి విస్తట్లో వడ్డిస్తారు. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. పచ్చిపులుసు, పప్పు, గారెలు అన్నీ అత్తే వండింది. కోడలు సునందది ముఖేడ్, మరాఠీ పిల్ల. కాపురానికొచ్చి నాలుగేళ్లయినా అత్త ఆమెకు పొయ్యి అప్పగించలేదు.

ఎండ ముదిరింది. ఘాటు గోడమీద కాకి మెడ తిప్పి చూస్తుందే గాని దిగదు.

"పరాయి పిల్ల నీడ పడ్డంక అన్న ఎట్లొస్తడు వదినె?" అంది మామయ్య చెల్లెలు. సునంద తలవంచుకుని నాలుగడుగులు వెనక్కి జరిగింది.

అత్త లేచి కాకికేసి చూసింది. "ఏమయ్యా, నేను బజారుకు పోయినప్పుడల్లా కోడలితోని పిఠ్లం చేయించుకొని తింటివి. గిన్నె కడిగిపెడితే వాసన పోతదా? నాకెర్కలేదనుకున్నవా? ఇగ పొయ్యి దానిదే. నీ తోడు. సునందా, ఇటు రా."

సునంద కొంగుచాటు డబ్బా తీసింది. పక్కింట్లో చేసుకొచ్చిన జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లం.

"మాఫ్ కరా, ఆయీ."

"మాఫీ తర్వాత. ముందు పెట్టు."

పెట్టింది. కాకి దిగింది. నవలలో ఇలా రాస్తే, మరీ అతికించినట్టుందని నేనే కొట్టేసేవాణ్ణి. అక్కడ మాత్రం కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం రైలుకు సునంద పొట్లం కట్టిచ్చింది. "నేను ఉప్పు చూసిన, గంతే" అంది అత్త.

ధర్మాబాద్‌లో రైలాగినప్పుడు ఆ పెద్దాయన కోసం కిటికీలోంచి వెతికాను. కూర పేరు ఇప్పుడు చెప్పగలను.