తలకట్టు పెట్టని గోడ

మా కళాకేంద్రంలో అక్షరాలు రాయడం నేర్పిన మాస్టారు మొన్న బోరబండలో తన ఇంట్లోనే పోయారు. ఫోన్‌లో కబురు చెప్పిన మా మాజీ అధ్యక్షుడు "అదేనండీ, బోర్డులు రాసేవాడు" అన్నాడు. పేపరుకు పంపిన సంతాపంలో మాత్రం ‘మహా కళాకారుడు’ అని రాశాడు. ఏటా ప్రదర్శనలో మాస్టారి పని పెడదామని నేనడిగితే "అది కళ కాదు" అని కొట్టేసింది ఈయనే. కళ గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. వాటిని రాసినవాళ్లలో ఎందరికి తిన్నగా గీత గీయడం వచ్చో నాకు అనుమానమే.

కేంద్రమంటే అమీర్‌పేట సందులో ఒక రేకుల హాలు. పంజాగుట్ట ఆఫీసర్ల పిల్లలూ బోరబండ కూలీల పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవారు. మాస్టారు ముందు అక్షరాలన్నీ తలకట్లు లేకుండా రాసేవారు. నాలుగడుగులు వెనక్కి నడిచి చూసుకునేవారు. ఆ తర్వాతే తలకట్లన్నీ ఒక్క ఊపులో పెట్టేవారు. "తలకట్టు పెట్టినంక దిద్దనీకి రాదు బిడ్డా. జర దూరం పోయి చూడు" అనేవారు.

సందుసందుకీ కంప్యూటర్ కోచింగ్‌లు వెలిసిన రోజులవి. వాటి బోర్డులు సగం ఆయన రాసినవే. ఆ కోచింగ్ వాళ్లలో ఒకరు మా హాలు అద్దెకు అడిగారు. నేను తప్ప కమిటీ అంతా మెత్తబడింది. తీర్మానమైనా కాకముందే, గోడ మీద వాళ్ల పేరు రాయమని ఆ అధ్యక్షుడే మాస్టారికి పురమాయించాడు. ఆయన నిచ్చెన తెచ్చి గోడకు వేశారు.

"మీరు కూడానా?" అన్నాను ఒళ్లు మండి.

"జర ఆగుండ్రి సార్."

సాయంత్రం కమిటీ వచ్చేసరికి గోడ నిండా నీలం అక్షరాలు. ఒక్కదానికీ తలకట్టు లేదు.

"ఏంటయ్యా ఈ బోడిగుండ్లు?" అన్నాడు అధ్యక్షుడు.

మాస్టారు కుంచె చాపారు. "తలకట్లు మీరు పెట్టుండ్రి సార్. పిల్లలను ఎల్లగొట్టేది మీరు గద, నా చెయ్యెందుకు?"

పిల్లలు చాప మీంచి లేచి చూస్తున్నారు. కుంచె అయిదుగురి చేతులు మారింది. ఎవరూ గోడ దగ్గరికి పోలేదు. చివరికి నా దగ్గరికొస్తే డబ్బాలో పెట్టేశాను. తీర్మానం అక్కడే ఆగిపోయింది, కోచింగ్ వాళ్లు వేరే హాలు చూసుకున్నారు. మా హాలు మాకే మిగిలింది. కేంద్రం చరిత్ర అని కమిటీ అచ్చేసిన పుస్తకంలో ఈ ముక్క లేదు, అందుకే రాస్తున్నాను.

ఫ్లెక్సీలొచ్చి ఆయన పని పోయినా ఆదివారం పాఠం మానలేదు.

నిన్న ఆయన శిష్యులు హాలుకి వచ్చారు. అందరూ పెద్దవాళ్లైపోయారు. ఇన్నేళ్లూ ఎవరూ చెరపని ఆ నీలం అక్షరాల కిందే మాస్టారి పేరు రాశారు, తలకట్లు లేకుండా. నాలుగడుగులు వెనక్కి నడిచి నిలబడ్డారు. చీకటిపడే దాకా ఎవరూ కుంచె తీసుకోలేదు.